దాచేది ఒక తీరు, చూపేది ఒక తీరు

రెజైనా నుంచి మాట్లాడుతున్నాను.

మన ఊళ్లో ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్న తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. రెజైనా విశ్వవిద్యాలయంలో చదువుకునే పిల్లలున్నారు. ఉద్యోగం మారాలని రాత్రిళ్లు కూర్చుని నేర్చుకునేవాళ్లున్నారు. రిటైరై పిల్లల దగ్గరికొచ్చి, చలికాలం ఇంట్లో ఊరికే కూర్చోలేక పైథాన్ మొదలుపెట్టిన పెద్దవాళ్లూ ఉన్నారు. వీళ్లు మొట్టమొదట రాసేది చాలావరకు డెస్క్‌టాప్ ప్రోగ్రామే. అంటే, మన ల్యాప్‌టాప్‌లోనే నడిచే ప్రోగ్రాం. ఒక విండో తెరుచుకుంటుంది. అందులో నాలుగు గళ్లు. కింద సేవ్ అని ఒక బటన్. అది ఇంటి ఖర్చుల లెక్క కావచ్చు, చీటీపాట లెక్క కావచ్చు, పనిచేసిన గంటల పట్టీ కావచ్చు.

మొదట్లో చిక్కులు చాలా వస్తాయి. బటన్ నొక్కితే విండో బిగుసుకుపోతుంది. ఫైలు దొరకలేదంటుంది. ఎర్ర అక్షరాలు వరసగా వచ్చిపడతాయి. ఇవన్నీ కంటికి కనిపించే చిక్కులు. ఆ ఎర్ర అక్షరాల్ని కంగారుపడకుండా చివరి వరస దాకా చదివితే సగం పని అయిపోతుంది. ఇవాళ నేను చెప్పబోయేది వాటి గురించి కాదు. కంటికి కనిపించని చిక్కు ఒకటుంది. ఎర్రర్ రాదు. ప్రోగ్రాం ఆగదు. మీ ల్యాప్‌టాప్‌లో అంతా సవ్యంగానే ఉంటుంది. ఇంకొకరికి ఇచ్చాక లెక్క తప్పుతుంది. "నా దగ్గర బాగానే ఉందండీ" అంటాం. నిజమే, మన దగ్గర బాగానే ఉంటుంది. అందుకే తప్పు దొరకదు.

ఈ సంగతి రెజైనాలో ఉన్నవాళ్లకి ఇంకాస్త గట్టిగా చెప్పాలి. ఎందుకంటే, మన గడియారం కదలదు.

కెనడాలో చాలాచోట్ల మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకు జరుపుతారు. నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కి తిప్పుతారు. 2007 నుంచి ఇవే తేదీలు. రెజైనా ఉన్న సస్కాచెవాన్ ప్రావిన్స్‌లో మాత్రం ఆ పని లేదు. 1966లో ఈ ప్రావిన్స్ టైమ్ యాక్ట్ అని ఏకంగా ఒక చట్టమే చేసుకుంది. అంతకుముందు ఊరికో పద్ధతి ఉండేది. ఇప్పుడు ఎండాకాలమైనా చలికాలమైనా మనం ప్రపంచ ప్రామాణిక కాలానికి ఆరు గంటలు వెనకే. ఆల్బర్టా సరిహద్దు మీదున్న లాయిడ్‌మిన్‌స్టర్ లాంటి కొద్దిచోట్ల తప్ప ప్రావిన్స్ అంతా ఇంతే. అందుకే చలికాలంలో మన టైమూ విన్నిపెగ్ టైమూ ఒకటే. ఎండాకాలంలో మన టైమూ కాల్గరీ టైమూ ఒకటే. మనం కదల్లేదు. వాళ్లే అటూ ఇటూ జరిగారు.

ఇండియా గడియారం కూడా కదలదు. మన కాకినాడ చుట్టుపక్కల నుంచి వెళ్లే 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశమే ఇండియా టైముకి ఆధారం. కాబట్టి రెజైనాకీ విజయవాడకీ తేడా ఏడాది పొడవునా పదకొండున్నర గంటలే. మామూలు మనుషులకి ఇది సుఖం. కొత్త ప్రోగ్రామరుకి మాత్రం ఇది ఉచ్చు.

ఎలాగో చూడండి. రెజైనాలో ఒక అమ్మాయి చిన్న ప్రోగ్రాం రాసిందనుకుందాం. విజయవాడలో రాత్రి ఎనిమిదింటికి అమ్మానాన్న తీరిగ్గా ఉంటారు. ఆ టైముకి ఫోన్ చెయ్యమని గుర్తుచేసే ప్రోగ్రాం. అమ్మాయి లెక్క వేసుకుంది. రాత్రి ఎనిమిదిలోంచి పదకొండున్నర తీస్తే పొద్దున్న ఎనిమిదిన్నర. కోడ్‌లో పదకొండున్నర అని రాసేసింది. చక్కగా పనిచేసింది. జనవరిలో విన్నిపెగ్‌లో ఉన్న అక్కకి కూడా ఇచ్చింది. అక్కడా పనిచేసింది. ఫిబ్రవరి అంతా పనిచేసింది. మార్చి రెండో ఆదివారం వచ్చింది. ఆ రోజు నుంచి అక్క చేసే ఫోను విజయవాడలో ఏడింటికే మోగుతోంది. నాన్నగారు ఇంకా షాపు కట్టెయ్యలేదు. అమ్మ పొయ్యి దగ్గర ఉంది. "నీ ప్రోగ్రాం పాడైందే" అంటుంది అక్క. చెల్లెలు కోడ్ తెరిచి చూస్తుంది. ఒక్క అక్షరం మారలేదు. తన ల్యాప్‌టాప్‌లో నడిపి చూస్తుంది. ఠంచనుగా పనిచేస్తోంది. రాత్రంతా కూర్చున్నా తప్పు దొరకదు.

ఈ అమ్మాయి లెక్క తప్పు కాదు. రెజైనాకి అది నూటికి నూరుపాళ్లు సరైన లెక్క. కాకపోతే రెజైనా లెక్కని తీసుకెళ్లి ప్రోగ్రాం లోపల శాశ్వతంగా కలిపేసింది.

ఇక్కడ ఒకసారి వంటింట్లోకి వెళ్దాం. దోసెల పిండి రుబ్బుకుంటాం. ఈ చలికి పిండి పులవదని అవెన్‌లో లైటు వేసి లోపల పెడతాం. పులిశాక డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో పెడతాం. ఆ పిండిలో ఉల్లిపాయ ముక్కలు ముందే కలుపుతామా? కలపం. ఎర్రకారం కలుపుతామా? కలపం. పిండిని సాదాగా ఉంచుతాం. పొద్దున్న పెనం మీద పోసేటప్పుడు అడుగుతాం. మామయ్యగారికి ఉల్లి దోసె. చిన్నవాడికి సాదా దోసె. మనకి కారం దోసె. ముందే ఉల్లిపాయలు కలిపేస్తే ఇక సాదా దోసె వెయ్యలేం. పిండిలోంచి ముక్కలు ఏరలేం.

ప్రోగ్రాంలో మనం సేవ్ చేసే సమాచారమే పిండి. స్క్రీన్ మీద చూపించేది దోసె. పిండి సాదాగా ఉండాలి. ఎవరికి ఎలా కావాలన్నది చూపించే క్షణంలో తేల్చుకోవాలి. ఇవాళ నేను చెప్పాలనుకున్న మాట ఇదొక్కటే. మళ్లీ చెప్తున్నాను. దాచేటప్పుడు సాదాగా దాచండి. చూపించేటప్పుడు చూసేవాళ్ల తీరులో చూపించండి.

టైము విషయంలో సాదా పిండి అంటే యూటీసీ. ప్రపంచమంతటికీ ఒకటే టైము. ఏ ఊరిదీ కాదు. 1884లో వాషింగ్టన్‌లో చాలా దేశాలు కూర్చుని గ్రీన్విచ్ రేఖని సున్నాగా ఒప్పుకున్నాయి. ఇప్పటి యూటీసీ ఆ దారిలో వచ్చిందే. అందరికీ ఒకటే టైము ఉండాలని పట్టుబట్టినవాళ్లలో శాండ్‌ఫర్డ్ ఫ్లెమింగ్ అనే కెనడా రైల్వే ఇంజనీరు ముఖ్యుడు. ఊరికో టైము ఉంటే రైలు ఏ గడియారం చూసి బయల్దేరాలి? మన దగ్గరా ఇదే గొడవ. ఇండియా అంతటికీ ఒకే టైము రాకముందు రైళ్లు మద్రాసు టైము ప్రకారం నడిచేవి. రైల్వేవాళ్లు అప్పుడు చేసిన పనే మనం ఇప్పుడు ప్రోగ్రాంలో చేస్తున్నాం. లోపల అందరికీ ఒకటే గడియారం. బయట ప్లాట్‌ఫాం మీద ఎవరి ఊరి టైము వాళ్లది.

చెయ్యడం కష్టమేమీ కాదు. పైథాన్‌లో టైమెంతైందని అడగడానికి కొత్తవాళ్లు డేట్‌టైమ్ డాట్ నౌ అని రాస్తారు. బ్రాకెట్లు ఖాళీగా వదిలేస్తారు. అప్పుడు ఆ ల్యాప్‌టాప్‌లో ఉన్న టైము వస్తుంది. ఏ ఊరి టైమో దాని మీద రాసి ఉండదు. అదే బ్రాకెట్లలో టైమ్‌జోన్ డాట్ యూటీసీ అని రాయండి. యూటీసీ టైము వస్తుంది, యూటీసీ అన్న ముద్రతో సహా. సీ షార్ప్‌లో అయితే డేట్‌టైమ్ఆఫ్‌సెట్ డాట్ యూటీసీనౌ. జావాలో ఇన్‌స్టంట్ డాట్ నౌ. అన్నట్టు, జావాని తయారుచేసిన జేమ్స్ గాస్లింగ్ మన పక్క ప్రావిన్స్ ఆయనే. కాల్గరీ దగ్గర పుట్టారు. జావా బయటికొచ్చింది 1995లో. అంత పేరున్న ఆ భాషలో కూడా తేదీలు, టైముల సంగతి చక్కబడింది 2014లో ఎనిమిదో వెర్షన్ వచ్చాకే. కాబట్టి మొదట్లో తడబడితే మీరేమీ దిగులుపడక్కర్లేదు.

ఇప్పుడు దీనికి తలకిందులుగా ఉండే చిక్కు ఒకటి చెప్తాను. డెస్క్‌టాప్ ప్రోగ్రాంలకి చాలామంది ఎస్‌క్యూలైట్ వాడతారు. ఒకే ఫైల్లో ఇమిడిపోయే డేటాబేస్ అది. సర్వరు అక్కర్లేదు. 2000లో రిచర్డ్ హిప్ విడుదల చేశారు. అందులో కరెంట్ టైమ్‌స్టాంప్ అని అడిగితే యూటీసీ టైమే వస్తుంది. మనం అడక్కుండానే సాదా పిండి ఇస్తుందన్నమాట. కానీ రెజైనాలో కూర్చున్న కొత్తవాడికి ఆ సంగతి తెలియదు. రాత్రి ఎనిమిదింటికి కిరాణా ఖర్చు సేవ్ చేస్తాడు. తెరిచి చూస్తే మర్నాడు తెల్లవారుజామున రెండు గంటలని ఉంటుంది. గుండె గుభేలుమంటుంది. తప్పు దొర్లిందనుకుని, ఆరు గంటలు తీసేసి మళ్లీ సేవ్ చేసేలా కోడ్ మారుస్తాడు. ఆ క్షణంలోనే పిండిలో ఉల్లిపాయలు పడ్డాయి. డేటాబేస్ సరిగ్గానే దాచింది. తీసి చూపించే చోట రెజైనా టైముకి మార్చుకుంటే సరిపోయేది.

అందుకని ఒక అలవాటు చేసుకోండి. స్క్రీన్ మీద తప్పు కనిపించగానే కోడ్ మీద పడకండి. ముందు సేవ్ అయిన ఫైలు తెరిచి చూడండి. మామూలు ఫైలైతే నోట్‌ప్యాడ్ చాలు. ఎస్‌క్యూలైట్ అయితే డీబీ బ్రౌజర్ అని ఉచితంగా దొరికే ప్రోగ్రాం ఉంది. లోపల ఉన్నది సరైనదేనా? సరైనదైతే, తప్పు చూపించే చోట ఉంది. లోపలే తప్పుంటే, దాచే చోట ఉంది. ఈ ఒక్క ప్రశ్నతో వెతకాల్సిన చోటు సగానికి సగం తగ్గిపోతుంది. చాలామంది ఈ పని చెయ్యరు. స్క్రీన్ చూస్తారు, కోడ్ చూస్తారు. మధ్యలో ఉన్న ఫైలు చూడరు. పిండి డబ్బా మూత తీసి చూడండి.

గంట తేడా ఏపాటి అనిపించవచ్చు. జీతం మీద పడితే తెలుస్తుంది. మన పిల్లలు ఎంతమంది రాత్రి షిఫ్టులు చేస్తున్నారో మీకు తెలియనిది కాదు. విన్నిపెగ్‌లో ఒక కుర్రాడు గ్యాస్ స్టేషన్‌లో శనివారం రాత్రి పదకొండింటికి డ్యూటీ ఎక్కాడనుకోండి. ఆదివారం పొద్దున్న ఏడింటికి దిగాడు. ఆ ఆదివారం నవంబరు మొదటి ఆదివారం. పనిగంటలు లెక్కకట్టే ప్రోగ్రాం పదకొండు నుంచి ఏడు దాకా ఎనిమిది గంటలని చూపించింది. ఆ కుర్రాడు నిజంగా నిలబడింది తొమ్మిది గంటలు. తెల్లవారుజామున రెండు కొట్టాల్సిన క్షణంలో గడియారం మళ్లీ ఒంటిగంటకి వెళ్లింది. ఆ గంట రెండుసార్లు గడిచింది. ఒంటిగంటన్నర కూడా రెండుసార్లు వచ్చింది. ఒంటిగంటన్నరకి టీ తాగడానికి వెళ్లానని అతను నమోదు చేశాడు. ఏ ఒంటిగంటన్నర? మొదటిదా, రెండోదా? ఫైల్లో ఒంటిగంటన్నర అని మాత్రమే ఉంటే బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. మార్చిలో దీనికి రివర్సు. రెండు నుంచి మూడు దాకా అసలు గంటే ఉండదు. ఏడు గంటల పనికి లెక్కలో ఎనిమిది గంటలు పడతాయి.

అదే యూటీసీలో దాచి ఉంటే? డ్యూటీ ఎక్కింది యూటీసీ ప్రకారం తెల్లవారుజామున నాలుగింటికి. దిగింది మధ్యాహ్నం ఒంటిగంటకి. తీసేస్తే తొమ్మిది గంటలు. అనుమానం లేదు, తగాదా లేదు. ఇదే షిఫ్టు రెజైనాలో చేస్తే ఎప్పుడూ ఎనిమిది గంటలే. అందుకే రెజైనాలో రాసి, రెజైనాలోనే పరీక్షించిన ప్రోగ్రాంలో ఈ తప్పు ఏళ్ల తరబడి బయటపడదు. ఒకరి కష్టానికి వచ్చే డబ్బులు మన లెక్క మీద ఆధారపడి ఉన్నప్పుడు, ఇది పట్టించుకోవాల్సిన విషయం.

చూపించేటప్పుడు ఊరి టైముకి మార్చుకోవాలన్నాను. అక్కడ మైనస్ ఆరు అని అంకె రాయకండి. ఊరి పేరు ఇవ్వండి. ప్రపంచంలో ఏ ఊరి గడియారం ఎప్పుడెప్పుడు ఎలా మారిందో రాసిపెట్టిన ఉమ్మడి జాబితా ఒకటుంది. 1980లలో ఆర్థర్ డేవిడ్ ఓల్సన్ మొదలుపెట్టారు. 2011 నుంచి ఐయానా అనే సంస్థ దగ్గర ఉంది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. అందులో సస్కాచెవాన్‌లో ఎక్కువ భాగానికి మన ఊరి పేరే ఉంది. అమెరికా స్లాష్ రెజైనా. 1960 ఏప్రిల్ చివరి ఆదివారం తర్వాత రెజైనా గడియారం మారలేదని కూడా అందులో రాసి ఉంది. ఇండియాకి ఏషియా స్లాష్ కోల్‌కతా. పైథాన్‌లో 3.9 వెర్షన్ నుంచి జోన్‌ఇన్‌ఫో అనే భాగం ఈ పేర్లు అర్థం చేసుకుంటుంది. విండోస్ వాడేవాళ్లు టీజెడ్‌డేటా అనే ప్యాకేజీ కూడా వేసుకోవాలి. లేకపోతే ఆ ఊరు దొరకలేదని ఎర్రర్ ఇస్తుంది. ఊరి పేరు సరిగ్గా రాసినా సరే.

విండోస్‌కి సొంత పేర్లున్నాయి. అక్కడ ఒక తిరకాసు ఉంది. జాగ్రత్తగా వినండి. సస్కాచెవాన్ టైముకి విండోస్ లోపల పెట్టుకున్న పేరు కెనడా సెంట్రల్ స్టాండర్డ్ టైమ్. విన్నిపెగ్, షికాగో టైముకి పేరు సెంట్రల్ స్టాండర్డ్ టైమ్. ముందు కెనడా అన్న ఒక్క మాటే తేడా. చలికాలంలో రెండూ ఒకే టైము చూపిస్తాయి. మార్చిలో విడిపోతాయి. రెజైనాకి కొత్తగా వచ్చినవాళ్లు ల్యాప్‌టాప్ సెట్టింగుల్లో సెంట్రల్ టైమ్ అని ఎంచుకుంటారు. అలా కాదు. ఆ జాబితాలో సస్కాచెవాన్ అని విడిగా ఉంటుంది. అది ఎంచుకోండి.

ఇంకో చిన్న మాట. గంటల తేడాని పూర్ణసంఖ్యగా దాచుకునే ప్రోగ్రాంలు చాలా చూస్తాం. ఆరు, ఏడు, ఎనిమిది. ఇండియా ఐదున్నర. కెనడాలోనే న్యూఫౌండ్‌లాండ్ మూడున్నర. అరగంట పట్టని గడి పెట్టుకుంటే మన ఇండియానే అందులో పట్టదు.

సాదాగా దాచడమంటే గుడ్డిగా అన్నిటినీ యూటీసీలోకి మార్చెయ్యడం అని కూడా అనుకోకండి. జరిగిపోయిన క్షణానికి యూటీసీ సరైనది. పుట్టినరోజు అలాంటిది కాదు. గుంటూరులో ఆగస్టు 15న పుట్టిన పాప ఎక్కడున్నా పుట్టినరోజు ఆగస్టు పదిహేనే. ఆ తేదీని అర్ధరాత్రి పన్నెండు గంటల టైముగా భావించి యూటీసీలోకి మార్చి, మళ్లీ రెజైనాలో చూపిస్తే ఆగస్టు 14 అవుతుంది. కేకు ఒకరోజు ముందే కోస్తారు. తేదీని తేదీగానే దాచండి. దానికి టైము అంటించకండి.

ముందు ముందు రాబోయే అపాయింట్‌మెంట్ కూడా వేరే. యూకాన్‌లో ఏమైందో చూడండి. అక్కడ 2020లో గడియారం మార్చడం మానేశారు. ఆ మార్చిలో ముందుకు జరిపిన గడియారాన్ని నవంబరులో వెనక్కి తిప్పలేదు. వైట్‌హార్స్‌లో డిసెంబరులో పొద్దున్న పది గంటలకి అపాయింట్‌మెంట్ అని ఆ జనవరిలోనే ఒకరు యూటీసీలోకి మార్చి దాచుకున్నారనుకోండి. డిసెంబరులో ప్రోగ్రాం పదకొండని చూపిస్తుంది. డాక్టరు పదింటికే పిలుస్తారు. కాబట్టి రాబోయేదాన్ని దాచేటప్పుడు అక్కడి గోడ గడియారం టైమూ, ఊరి పేరూ రెండూ దాచండి. దాచబోయేది నిజానికి ఏమిటని ముందు అడగండి. గడిచిన క్షణమా, తేదీయా, ఒక ఊరి గడియారం మీద మాటిచ్చిన టైమా?

ఇదే సూత్రం అంకెలకీ వర్తిస్తుంది. లక్ష రూపాయల్ని మనం ఒకటి కామా సున్నా సున్నా కామా మూడు సున్నాలు అని రాస్తాం. కెనడాలో వంద తర్వాత కామా పెడతారు. క్యూబెక్‌లో ఫ్రెంచి సెట్టింగు ఉన్న విండోస్‌లో పన్నెండు డాలర్ల యాభై సెంట్లకి చుక్క ఉండదు, కామా ఉంటుంది. జర్మన్ సెట్టింగులో చుక్క వేలని విడదీసే గుర్తు. అక్కడ పన్నెండు చుక్క యాభై అని చదివిస్తే పన్నెండు వందల యాభై అయి కూర్చుంటుంది. ఇవన్నీ చూపించే తీరులు. ఫైల్లో దాచేటప్పుడు కామాలు వద్దు. కొత్తవాళ్లు సీఎస్‌వీ ఫైళ్లు బాగా వాడతారు కదా. ఆ ఫైల్లో ఒక గడికీ ఇంకో గడికీ మధ్య గోడే కామా. లక్షని కామాలతో అలాగే రాసేస్తే ఒక అంకె మూడు గళ్లలోకి చీలిపోతుంది. పక్కనున్న ఫోన్ నంబరు ఎక్కడికో జరిగిపోతుంది.

తేదీకి కూడా 03/04 అని రాస్తే మార్చి నాలుగా, ఏప్రిల్ మూడా? కెనడాలో రెండు రకాలవాళ్లూ ఉన్నారు. ముందు సంవత్సరం, తర్వాత నెల, చివర రోజు. 1988 నుంచి అంతర్జాతీయ ప్రమాణం ఇదే. దాచేది అలా దాచండి. అమ్మకి చూపించేటప్పుడు నెల పేరు తెలుగులో రాసి చూపించండి.

తెలుగు అనుకున్నాం కాబట్టి, అక్షరాల సంగతి కూడా చెప్పాలి. ప్రోగ్రాంలో తెలుగు పేరు టైపు చేస్తే స్క్రీన్ మీద చక్కగా కనిపిస్తుంది. సేవ్ నొక్కితే చార్‌మ్యాప్ అన్న మాటతో ఒక ఎర్రర్ వస్తుంది. విండోస్‌లో పైథాన్ నేర్చుకునే తెలుగువాళ్లలో చాలామందికి ఇది తగులుతుంది. మీరు చెప్పకపోతే పైథాన్ ఆ ఫైలుని విండోస్ పాత ఇంగ్లీషు పద్ధతిలో తెరుస్తుంది. అందులో తెలుగుకి చోటు లేదు. ఫైలు తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్ ఎనిమిది అని రాయండి. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించిన పద్ధతి ఇది. తెలుగు 1991 నుంచీ యూనికోడ్‌లో ఉంది. అక్షరాలకి సాదా పిండి ఇదే.

ఆ ఎర్రర్ చూసి విసుగొచ్చి, ఎలాగోలా నోరు మూయించాలని రీప్లేస్ అని పెట్టేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చెయ్యకండి. ఎర్రర్ పోతుంది. దాంతోపాటు మీ అక్షరాలూ పోతాయి. ఫైల్లో ప్రశ్నార్థకాలే మిగులుతాయి. ఇక్కడ ఒక గుర్తు చెప్తాను. తెలుగు ఉండాల్సిన చోట నెత్తిన గీతలున్న ఇంగ్లీషు అక్షరాలు, పిచ్చి గుర్తులు వరసగా కనిపిస్తే కంగారుపడకండి. చాలాసార్లు ఫైలు బాగానే ఉంటుంది, చదివే పద్ధతే తప్పు. యూటీఎఫ్ ఎనిమిది అని చెప్పి మళ్లీ తెరవండి, తెలుగు తిరిగొస్తుంది. ఫైల్లోనే ప్రశ్నార్థకాలు ఉంటే మాత్రం అక్షరాలు అప్పుడే పోయాయి. ఏ ప్రోగ్రామూ వాటిని తిరిగి తేలేదు.

ఇవన్నీ మీ ప్రోగ్రాంలో ఉన్నాయో లేవో తెలుసుకోవడానికి విన్నిపెగ్ వెళ్లక్కర్లేదు, విజయవాడా వెళ్లక్కర్లేదు. సెట్టింగుల్లో టైము పేజీ తెరవండి. టైమ్‌జోన్ దానంతటదే పెట్టుకునే స్విచ్ ఆపండి. జాబితాలోంచి చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ అని ఉన్నది ఎంచుకోండి. హైదరాబాదు పేరు అందులో ఉండదు, టైము అదే. ఇప్పుడు మీ ప్రోగ్రాం నడపండి. నిన్న రెజైనాలో సేవ్ చేసిన ఖర్చు ఇండియా టైములో సరిగ్గా కనిపిస్తోందా? పనిగంటలు మారకుండా ఉన్నాయా? పుట్టినరోజులు కదలకుండా ఉన్నాయా? తర్వాత సెంట్రల్ టైమ్‌కి మార్చి, నవంబరు మొదటి శనివారం రాత్రికి కాదు, మొదటి ఆదివారానికి ముందొచ్చే శనివారం రాత్రికి ఒక షిఫ్టు నమోదు చెయ్యండి. ఆ రెండూ చాలా ఏళ్లు ఒకటే, కానీ నవంబరు ఒకటో తేదీయే ఆదివారమైతే ఆ శనివారం అక్టోబరులో వస్తుంది. రాత్రి పదకొండు నుంచి పొద్దున్న ఏడు దాకా. మీ ప్రోగ్రాం తొమ్మిది గంటలని చెప్తే సరిగ్గా రాసినట్టే. ఎనిమిదని చెప్తే, తప్పు మీ ఇంట్లోనే, మీ చేతికిందే దొరికింది. పరీక్ష అయ్యాక టైమ్‌జోన్‌ని మళ్లీ సస్కాచెవాన్‌కి మార్చడం మర్చిపోకండి.

మీరు కొత్తగా నేర్చుకుంటున్నా, మీ ఇంట్లో పిల్లలు నేర్చుకుంటున్నా, ఈ వారంలోనే ఒకసారి ఈ పరీక్ష చేసి చూడండి. ఆ ప్రోగ్రాం ఇంకొకరి చేతికి ఇవ్వడానికి ముందే చెయ్యండి.